మతిమరుపు తమ్ముడు

హాస్యనటుడు గిలిగింత ఇక నవ్వించనన్నాడంటే ఎవరూ నమ్మలేదు. ఇరవై రెండేళ్ళుగా తనే రాసుకుని, తనే స్టేజీ ఎక్కి జనాన్ని కడుపుబ్బ నవ్వించిన మనిషి, ఉన్నట్టుండి ఒళ్ళు గగుర్పొడిచే సస్పెన్స్ నవల రాశాడంటే అదీ ఓ జోకే అనుకున్నారు. నల్లటి అట్ట చూసి కూడా నవ్వారు.

నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలు ఊరికే అనలేదు. ఆ నాలుగూ ఏమిటో మనకెవరికీ తెలీదు గానీ, గిలిగింతకి ఒకటి మాత్రం బాగా తెలుసు.

అతని షోలో అందరికీ ఇష్టమైన పాత్ర మతిమరుపు తమ్ముడు. వేసేది సొంత తమ్ముడే. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని వచ్చి, ముందు వరసలో వాళ్ళని "ఏవండీ, మా ఇల్లెక్కడో చెప్తారా?" అని అడిగేవాడు. జనం పగలబడి నవ్వేవాళ్ళు. ఆ పాత్ర మొదలైన మూడో ఏడు తమ్ముడు నిజంగానే మాటలు మరిచిపోవడం మొదలుపెట్టాడు. రాయని చోట ఆగిపోయి బిత్తరచూపులు చూసేవాడు.

"బావగారూ, ఈయన ఇంట్లో కూడా ఇలాగే ఉంటున్నారు. డాక్టరుకి చూపిద్దాం" అంది మరదలు.

"ఈ సీజన్ అయిపోనీ అమ్మా" అన్నాడు గిలిగింత.

ఆ బిత్తరచూపులకి వచ్చినంత నవ్వు తను రాసిన ఏ మాటకీ రాలేదు మరి. దాన్ని వదులుకోవడానికి మనసొప్పలేదు. పాపిష్టి మనసు.

సీజన్ అయిపోకముందే, ఓ మధ్యాహ్నం పాలప్యాకెట్ తెస్తానని వెళ్ళిన తమ్ముడు తిరిగి రాలేదు. రెండేళ్ళయింది. అన్నా, మరదలూ కాళ్ళరిగేలా తిరిగారు. ఫొటోతో గోడల మీద కాగితాలు అంటిస్తే, కొత్త షో కాబోలనుకుని జనం టికెట్ల కోసం ఫోన్లు చేశారు.

అందుకే ఈ నవల. దారి తప్పిన ఓ మనిషి కథ. తమ్ముడి నడక, గుండీలు, ఎడమ కనుబొమ్మ మీద మచ్చ, అన్నీ ఉన్నదున్నట్టు రాశాడు. ఈసారైనా నవ్వకుండా చదివితే, చూసినవాడెవడో ఒకడు గుర్తుపట్టి వస్తాడని ఆశ.

ఆవిష్కరణ సభ లైబ్రరీ మేడ మీద పెట్టారు. గిలిగింత చదవడం మొదలుపెట్టాడు. మొదటి పేజీ నిశ్శబ్దంగానే విన్నారు. రెండో పేజీలో "మా ఇల్లెక్కడో చెప్తారా?" అన్న మాట రాగానే హాలు హాలంతా గొల్లున నవ్వింది. మొదటి వరసలో మరదలు తల వంచుకుంది. అతను పుస్తకం మూసేశాడు.

సంతకాల కోసం వరస కట్టినవాళ్ళలో ముందున్నది కళ్ళజోళ్ళ షాపాయన.

"అదరగొట్టారండీ! మీ తమ్ముణ్ణి నేను చూశాను కూడా. రెండేళ్ళ కిందట, బస్టాండులో."

గిలిగింత చేతిలో పెన్ను ఆగిపోయింది. మరదలు లేచి దగ్గరికొచ్చింది.

"చేతిలో పాలప్యాకెట్టు. గుండీలు షోలో లాగే పెట్టుకున్నాడు. నా చెయ్యి పట్టుకుని, మా ఇల్లెక్కడో చెప్తారా అన్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కూడా తెప్పించేసుకున్నాడండీ, అబ్బ, ఏం నటన! అందరం చుట్టూ చేరి చప్పట్లు కొట్టాం. వంగి దణ్ణం పెట్టి బస్సెక్కేశాడు."

"ఏ బస్సు?" అంది మరదలు.

"చూళ్ళేదమ్మా. నవ్వుతూ ఉన్నాం కదా."

మరదలు బావగారి వైపు చూసింది. షాపాయన పుస్తకం ముందుకు జరిపి, తన భార్య పేరు చెప్పి, ఆ పేరు మీద సంతకం చెయ్యమన్నాడు. గిలిగింత తల ఊపాడు. పెన్ను కాగితానికి ఆనేసరికి ఆ పేరు గుర్తు రాలేదు.

"ఏం పేరన్నారు?" అని బిత్తరచూపులు చూస్తూ అడిగాడు.

వరసలో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు.