కాఫీ కూడా ముట్టని పిల్ల

"మా పిల్ల కాఫీ కూడా ముట్టదండీ," అంది పెద్దమ్మ.

విచారణాధికారి కలానికి మూత పెట్టాడు. ఉపగ్రహాల సంకేతాలు అందుకునే కేంద్రంలో ఆమె చెల్లెలి కూతురికి ఉద్యోగం వచ్చింది. రహస్య విభాగంలో అడుగు పెట్టాలంటే మాత్రం భద్రతా అనుమతి కావాలి. అందుకే ఆయన ఆ పిల్లను ఎరిగినవారి ఇళ్ళు తిరుగుతున్నాడు. కాలేజీలో ఆ పిల్ల గంజాయి తాగిన సంగతి బయటపడితే కొంప మునుగుతుందని తల్లి భయపడి, ఏం చెప్పాలో ఇంటిల్లిపాదికీ వల్లె వేయించింది.

"పొద్దుట్నించి ఈ మాట నాలుగోసారి వింటున్నానండీ. వాళ్ళమ్మగారు, మేనమామగారు, పక్కింటావిడ, ఇప్పుడు మీరు. ఆ అమ్మాయేమో నా ఎదురుగానే రెండు కప్పులు తాగింది."

పెద్దమ్మ ముఖాన నెత్తురుచుక్క లేదు. సీసా ఖాళీ చేయనిదే కన్ను మూయని మేనమామ మేనకోడలి నడతకు పూచీ పడ్డాడన్నమాట! ఈ కుటుంబంలో మగవాడి వ్యసనానికి సరదా అని పేరు. ఆడపిల్ల పొరపాటును మాత్రం పాతిపెట్టి పైన బండ పెట్టాలి.

"ఒకప్పుడు తాగి మానేసినవాళ్ళకి మేం బెదరం. ఎంత తాగారు, మానేసి ఎన్నాళ్ళయింది అని చూస్తాం. దాచేవాళ్ళతోనే భయం. రేపెవడో వచ్చి 'నీ గుట్టు బయటపెడతా' అంటే, అది కాపాడుకోడానికి మా గుట్టు అమ్మేస్తారు. ఇలా చెప్పమని ఆ అమ్మాయే నేర్పిందా? అదే అయితే ఇక నేను చేసేదేం లేదు."

"నేర్పింది వాళ్ళమ్మండీ. దీనికి తెలీదు."

"మరి నిజమేమిటి?"

పెదవి దాటితే పృథివి దాటుతుంది. ఆమె కొంగు వేలికి చుట్టుకుంది.

"ఆ అమ్మాయి అంతా ముందే చెప్పిందండీ. మీ పేరిచ్చింది కూడా తనే."

"నా పేరెందుకు?"

"'నేను మరీ అధ్వాన్నంగా ఉన్నప్పుడు చూసింది మా పెద్దమ్మే. నేను తగ్గించి చెబితే ఆవిడ సరిదిద్దుతుంది' అంది."

పెద్దమ్మ చుట్టుకున్న కొంగు వదిలేసింది. హెడ్ నర్సుగా ఉద్యోగమంతా ఆమె చూసింది గాయాలు దాచుకునేవారినే. నొప్పెక్కడో వైద్యుడికే అబద్ధం చెప్పేవారినే. కట్టు విప్పగల మనిషిని తానే వెతికి పిలిపించిన రోగిని ఎన్నడూ చూడలేదు. తన ఒళ్ళో పెరిగిన పిల్లేనా ఇది? ఈ గుండె ఎక్కడిది దీనికి?

ఆమె చెప్పింది: హాస్టల్ గది, అట్టలు కట్టిన జుట్టు, వాంతులు, తప్పిన పరీక్షలు, మిగిలిన పొట్లం ఆ పిల్లే తెచ్చి తన చేతిలో పెట్టిన ఉదయం.

"మళ్ళీ ముట్టలేదంటారా?"

"ముట్టలేదని నేనెలా ప్రమాణం చేస్తానండీ? నేను చూసినంతలో ముట్టలేదు."

ఆయన కలం మూత తీసి ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నాడు.

సాయంత్రం పిల్ల ఫోన్ చేసింది. "అంతా చెప్పావా పెద్దమ్మా?"

"అంతా."

"వాంతులు కూడానా?"

"మొదట అవే చెప్పానే, గాడిదా!"

అనుమతి వచ్చింది. ఉద్యోగంలో చేరే రోజున పెద్దమ్మ గేటుదాకా వెళ్ళింది. పిల్ల కార్డు ఆనించగానే గోడంత ఉక్కు తలుపు చప్పుడు లేకుండా పక్కకు జరిగింది. దాని వెనక ఆకాశాన్ని వినే మహా యంత్రాలు.

"సాయంత్రం వచ్చి చెప్పవే, లోపలేముందో?"

"అది మాత్రం అడక్కు పెద్దమ్మా. చెప్పకూడదు."

తలుపు మూసుకున్నాక కూడా పెద్దమ్మ చాలాసేపు అక్కడే, తలెత్తి, నిలబడింది.