కమలమ్మ గారి కళావరు రాణి

మా ఇంటి ఓనరు కమలమ్మ గారికి పేకాటంటే ప్రాణం. భర్త వెంకటరమణప్ప గారు పేకముక్క ముట్టరు కాబట్టి, శని ఆదివారాల్లో మధ్యాహ్నం పూట మెట్లెక్కి వచ్చి నా కంప్యూటర్‌తో ఆడేవారు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో వాళ్ల ఇంటి పై భాగంలో నేనూ, నా రూమ్మేట్ జెస్సీ అద్దెకుండేవాళ్లం.

నా కంప్యూటర్‌లో ఉన్నది మామూలు డెస్క్‌టాప్ కాదు. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి ఊరికే రాసి పంచిపెట్టే ఒక డెస్క్‌టాప్, అంటే విండోలూ గడియారమూ ఆటలూ అన్నీ కలిపి తెర మీద కనిపించే ప్రోగ్రాం. అందులోనూ ఇంకా విడుదల కాని వెర్షన్. వారం వారం కొత్త కోడ్ దించుకుని, దాన్ని నడిచే ప్రోగ్రాంగా కంపైల్ చేసి, ఈసారి ఏం చెడిందో చూడటం నాకు సరదా. ఒక వారం గడియారం ఉండేది కాదు. ఇంకో వారం విండో తెరుచుకునేది గానీ మూసుకునేది కాదు.

"నీది కంప్యూటరా, రిపేర్ షెడ్డా?" అనేది జెస్సీ. "స్టేబుల్ వెర్షన్ వేసుకుని హాయిగా ఉండొచ్చు కదే!"

ఒక ఆదివారం కమలమ్మ గారు కుర్చీలోంచి కేక పెట్టారు. "శ్రీజా! నీ డబ్బా నా కళావరు రాణిని మింగేసిందే!"

వెళ్లి చూస్తే నిజమే. పేకలో యాభై ఒక్క ముక్కలే ఉన్నాయి.

"ఏం నొక్కారు ఆంటీ?" అంది జెస్సీ.

"ఏం నొక్కుతాను? తప్పుగా పెట్టినాను, వెనక్కి తీసుకుందామని ఆ బాణం గుర్తు నొక్కినాను. అంతే. రాణి యాడికో పోయింది."

నేను నొక్కితే రాణి బుద్ధిగా వెనక్కి వచ్చేది. జెస్సీ నొక్కినా వచ్చేది. కమలమ్మ గారికి మాత్రం వారానికో ముక్క పోయేది. నేను స్టూలు వేసుకుని ఆమె పక్కన కూర్చుని, తెరను వదిలేసి ఆమె వేళ్లను చూశాను. కొన్ని వారాలకు అర్థమైంది. ఆమెకు ఆగడం తెలియదు. ముక్క తన చోటికి జరుగుతుండగానే, ఇంకా అక్కడ వాలకముందే, బాణం నొక్కేస్తారు. గాల్లో ఉన్న ముక్క అటూ కాక ఇటూ కాక పోతుంది. ఎంత ప్రయత్నించినా నాకు ఆ వేగం రాలేదు.

కోడ్‌లో ఆ చోటు వెతికి నాలుగు వరుసలు మార్చి పంపాను. నా పేరుతో ఎక్కడికైనా ఏదైనా పంపడం అదే మొదలు. ఆ ఆటను చూసుకునే ఆయన నుంచి జవాబు వచ్చింది: నాకు ముక్క పోవడం లేదు, నీ మార్పు బాగానే ఉంది, శుక్రవారం సాయంత్రం ఆరులోగా తాజా కోడ్ మీద సరిచూసి చెబితే ఈ విడుదలలో చేరుస్తాను, లేకపోతే ఆరు నెలల తర్వాతే.

ఆ శుక్రవారం ఆయుధపూజ.

పొద్దున్నే కంపైల్‌కు పెట్టి స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి కంప్యూటర్‌కు పూజ అయిపోయింది. మానిటర్‌కు విభూతి, కుంకుమ. సీపీయూ పెట్టెకు జాకెట్టు గుడ్డ కప్పి, ముందూ వెనకా తిరిగేలా మూరలకు మూరలు సేవంతి పూలమాల చుట్టి ఉంది. కింద వెంకటరమణప్ప గారి స్కూటర్‌కు కూడా అంత పెద్ద మాల లేదు.

"ఆంటీ వచ్చి వెళ్లారు," అంది జెస్సీ. "నా ఐరన్ బాక్స్‌కు కూడా బొట్టు పెట్టారు."

తెర మీద కంపైల్ ఆగిపోయి ఉంది. అక్షరాలకు సంబంధించిన ఫైల్ దగ్గర కంపైలరే కూలిపోయింది. మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ప్రింటర్ ఫైల్ దగ్గర పడింది. మూడోసారి ఇంకెక్కడో.

"చూశావా? ఎవడో చెత్త కోడ్ పెట్టాడు," అంది జెస్సీ. "అన్‌స్టేబుల్ అంటే ఇంతే మరి. మెయిల్ పెట్టి తిట్టు."

కోడ్ తప్పయితే ప్రతిసారీ ఒకే చోట ఆగాలి కదా అనుకుంటూ కూర్చున్నాను. గదిలో పూల వాసన మారింది. పచ్చి సేవంతి వాసన కాదు, ఉడికిన ఆకు వాసన. వంగి పెట్టె వెనక చెయ్యి పెట్టాను. వేడికి చెయ్యి వెనక్కి వచ్చేసింది. గాలి పోయే చోటంతా పూలు, గుడ్డ.

మాల తియ్యబోతుంటే ప్రసాదం పళ్లెంతో కమలమ్మ గారు వచ్చారు.

"అయ్యయ్యో, ముట్టద్దు! పూజ చేసింది రేపటిదాకా కదిలించకూడదు. ఈ పొద్దు ఆయుధాలకు రెస్టు."

"ఉక్కపోస్తోందండీ దానికి," అన్నాను.

ఆమె పెట్టె మీద చెయ్యి పెట్టి చూసి, "అవునే, జొరం వచ్చినట్టుండాది!" అని గుడ్డ తీసి, మాలను ఆమే సర్ది మానిటర్‌కు మార్చారు. "నేను కట్టినదే, నేను జరిపితే తప్పు లేదు. కానీ పని మాత్రం చెయ్యద్దు."

వెనకాలే వచ్చిన వెంకటరమణప్ప గారు ఒకప్పుడు మగ్గం నేసిన మనిషి. ఆయన్ని అడిగాను. "పూజ రోజుకు మగ్గం మీద సగం చీర ఉంటే ఏం చేస్తారండీ?"

"కోసేస్తామా ఏమి? అట్లే ఉంటాది," అన్నారాయన. నేను ఊపిరి తీసుకునేలోపే, "కానీ నెయ్యము గదప్పా," అన్నారు.

జెస్సీ కిసుక్కున నవ్వింది. నేను సాయంత్రం ఆరు గురించి, రాణి గురించి, వచ్చినన్ని మాటల్లో చెప్పాను. సరిచూడాల్సింది నేను కాదని, ముక్క మాయం చెయ్యగలిగింది కమలమ్మ గారొక్కరేనని కూడా చెప్పాను.

ఆమె కుర్చీలో కూలబడ్డారు. "అంటే ఆ ఆట చూసుకునే దొరకు చేతకాలేదా?"

"చేతకాలేదండీ."

"నీకూ?"

"నాకూ."

కాసేపు పళ్లెంలో శనగలు నములుతూ ఆలోచించారు. తర్వాత భర్త వైపు తిరిగారు. "ఏమండీ, నేను దీంట్లో చేసేది పనా, ఆటా?"

"ఆటే," అన్నారాయన. "వంట గూడా మానేసి ఆడతావు."

"ఆటకు పూజ అడ్డం లేదు. దసరాకు ఆడకపోతే ఇంకెప్పుడాడతారు? పెట్టు శ్రీజా, ఊరికే సుమ్నే నిలబడ్డావే!"

పెట్టె చల్లారాక మళ్లీ మొదలుపెట్టాను. ఆమె విసనకర్ర తెచ్చి కంపైల్ అయినంత సేపూ దానికి విసిరారు. ఈసారి ఎక్కడా ఆగలేదు. కొత్త డెస్క్‌టాప్ వచ్చింది. గడియారం ఉంది. విండోలు మూసుకున్నాయి.

కమలమ్మ గారు ఆట తెరిచి, ముక్క పెట్టి, అది వాలకముందే బాణం నొక్కారు. రాణి చటుక్కున వెనక్కి వచ్చి తన చోట నిలబడింది. ఇంకా వేగంగా నొక్కారు. వచ్చింది. కోపంగా నొక్కారు. అయినా వచ్చింది.

"వచ్చిందే నా తల్లి!" అని కళావరు రాణికి తెర మీదే కుంకుమ పెట్టారు.

ఇక మెయిల్ పంపితే చాలు. ఆరు కావస్తోంది. నేను కుర్చీ వెనక నిలబడ్డాను. ఆమె లేవలేదు.

"ఉండవే, ఈ ఆట గెలుస్తాను."

"ఆంటీ, ప్లీజ్, మెయిల్!" అంది జెస్సీ నా తరఫున.

"ఆయ్తు, ఆయ్తు. అయిపోయింది, ఇంకో రెండు ముక్కలే."

రెండు ముక్కలు పది ముక్కలయ్యాయి. ఇంత దూరం వచ్చి పేకాట దగ్గర ఆరు నెలలు పోతాయా అని గడియారం వైపే చూశాను. ఇంటి ఓనరు చెయ్యి పట్టి లేపేంత ధైర్యం నాకు లేదు. ఆమె చివరి రాజును పైకి ఎక్కించబోతుండగా తెర ఒక్కసారి వణికింది. ముక్కలు, విండోలు, కిందున్న పట్టీ, గడియారం, అన్నీ కలిసి పోయాయి. నల్లటి తెర మీద తెల్ల గీత ఒక్కటే మిణుకుమంటూ మిగిలింది.

డెస్క్‌టాప్ మొత్తం కూలిపోయింది. ఎన్నోసార్లు అలా కూలి నన్ను ఏడిపించిన వెర్షన్, మొదటిసారి సరిగ్గా అవసరమైనప్పుడు కూలింది.

కమలమ్మ గారు నోరు తెరుచుకుని కుర్చీలోంచి లేచారు. నేను అందులో కూర్చుని, ఉత్త అక్షరాలతోనే పనిచేసే ఆ నల్ల తెరలోనే లాగిన్ అయి, రెండు వాక్యాల మెయిల్ రాసి ఆరులోపే పంపాను. సరిచూశాం, ముక్క పోవడం లేదు. సరిచూసింది కమలమ్మ గారు.

జెస్సీ ఇంకా ప్రసాదం పళ్లెం ఖాళీ చేస్తుండగానే జవాబు వచ్చింది. చేర్చానని, కమలమ్మకు ధన్యవాదాలని.

నేను చదివి వినిపించాను. ఆమె పట్టించుకోలేదు. నల్ల తెరను చూపుడువేలితో పొడిచారు.

"అది సరే. గెలిచే ఆటనే మింగేసింది. దీన్నెప్పుడు బాగు చేస్తావు?"