నాలుగో వరుస, ఏడో స్టాంపు

వాచీలు బాగుచేసే పెద్దాయనకి ఓ పిచ్చి ఉంది. అలాంటిలాంటిది కాదు, ఇరవై రెండేళ్ల పిచ్చి. పాతకాలంలో కొన్ని స్టాంపుల్ని ఒకే రాగి ప్లేటు మీద, షీటుకి నూట ఇరవై చొప్పున అచ్చేసేవారు. అన్నీ చేత్తో చెక్కిన బొమ్మలు కాబట్టి ఏ రెండూ అచ్చం ఒకేలా ఉండవు. ఒకదానికి రాజుగారి గడ్డం కింద చుక్క ఉంటే, ఇంకోదానికి అంచున వెంట్రుకంత గీత. ఆ తేడాలు పట్టుకుని, విడివిడిగా దొరికిన స్టాంపు ఏ వరుసలో ఎన్నోదో తేల్చి, ఎప్పుడో చెల్లాచెదురైన షీటుని మళ్లీ పేర్చాలి. ‘కూడుపెట్టని పని’ అని చుట్టాలంతా దెప్పేవారు. దెప్పనీ, ఆయనకేం!

ఈ మధ్య కళ్లు మసకేశాయి. ఏడాదికి మించి చూపు నిలవదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. అప్పటికి షీటులో ఒక్క గడే ఖాళీ, నాలుగో వరుసలో ఏడోది. కళ్లుండగా అది నిండితే చాలు, ఇంకేం వద్దనుకున్నాడు.

పోయిన వారం బావమరిది ఆ స్టాంపు తెచ్చి చేతిలో పెట్టాడు. ఇళ్ల ప్లాన్లు గీసే ఉద్యోగం అతనిది. ఈ స్టాంపుల విద్య మాత్రం పెద్దాయనే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. ఏళ్ల తరబడి, ఎక్కడా దొరకని గడులన్నీ అతనే ఎక్కణ్ణుంచో పట్టుకొస్తున్నాడు. “నువ్వు నా బావమరిదివి కాదురా, నా కళ్లు!” అని పెద్దాయన కావలించుకుని ఏడ్చాడు.

ఇవాళ పొద్దున్న, భార్య కూరలకి వెళ్లాక, ఎండ బాగా పడే కిటికీ దగ్గర భూతద్దం పెట్టుకుని ఆ స్టాంపుని తీరిగ్గా చూసుకుంటున్నాడు. అంచున ఉండాల్సిన గీత ఉంది. స్టాంపు మీద పోస్టాఫీసు ముద్ర కూడా ఉంది. కానీ గీత ఆ నల్లటి ముద్ర మీదుగా పోతోంది!

ముందు అచ్చు, తర్వాతే కదా ముద్ర! ప్లేటులో ఉన్న గీత ముద్ర కిందే ఉండాలి. ఇది ముద్ర పడ్డాక ఎవరో కలంతో గీసింది. ముద్ర దగ్గర ఆపేసుంటే జన్మలో దొరికేవాడు కాదు. కానీ ప్లాన్లు గీసే చెయ్యి కదా, గీతని సగంలో వదల్లేకపోయింది.

పెద్దాయన ఫోన్ చేస్తే బావమరిది పరుగున వచ్చాడు. పెద్దాయన భూతద్దం ముందుకి తోసి, “చూడు” అన్నాడు. అతను చూడలేదు. మొహం పాలిపోయింది.

“ఎన్నిరా?”

“ఏడు, బావా.”

“ఏడా! తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేరా!”

“మొదటిది సరదాకే గీశాను, ఒట్టు. నువ్వు ఇట్టే పట్టేస్తావనుకున్నా. నువ్వేమో ఎగిరి గంతేశావు. ఆ మొహం చూశాక నోరు రాలేదు.”

“నా మొహం చూసి జాలిపడ్డావన్నమాట. గుడ్డోడికి ఏది పెట్టినా ఒకటే అనుకున్నావు!” అన్నాడు పెద్దాయన. “మీ అక్కకి మాత్రం చెప్పకు. సొంత తమ్ముడే ఇంత పని చేశాడంటే అది తట్టుకోలేదు.”



పెద్దాయన షీటు పేర్చుకున్న ఆల్బం తెచ్చి అతని ఒళ్లో పడేశాడు. “తియ్యి. ఏవి నీవో, ఏవి నిజమైనవో నాకు కనపడి చావడం లేదు. నువ్వే తియ్యాలి.” ఆ మాట అనాల్సి రావడమే ఆయనకి చెప్పు దెబ్బలా తగిలింది.

బావమరిది పట్టకారు తీసుకుని ఒక్కొక్కటే ఊడదీసి బల్ల మీద పెట్టాడు. పెద్దాయన వేలితో తడుముతూ లెక్కపెట్టాడు. భూతద్దం కిందున్న దానితో కలిపి ఏడయ్యాయి. పట్టకారు మాత్రం ఆగలేదు. చివరి వరుసలోంచి ఇంకోటి పైకి తీసింది.

“ఏడన్నావుగా! ఇదేంటి మరి?”

అతను దాన్ని మిగతా వాటితో కలపకుండా బల్ల అంచున విడిగా పెట్టాడు. బయట గేటు చప్పుడైంది. కూరల సంచీతో ఆవిడ లోపలికి వస్తోంది.

“ఇది నేను గీసింది కాదు, బావా,” అన్నాడు నెమ్మదిగా. “అక్క గీసింది.”