మగ్గం గంపగుత్త పాట

అది 1981 మే పద్నాలుగు, గురువారం, పొద్దున తొమ్మిది గంటలు. మట్టెవాడలో లక్ష్మీనర్సమ్మ దేవుడికి హారతిచ్చి వంటింట్లోకి వచ్చేసరికి, భర్త వెంకట్రాజం ఆమె రోలునూ పొత్రాన్నీ వేలం వేస్తున్నాడు. పాడేది ఆయన చెల్లెలు అరుణ ఒక్కతే.

వెంకట్రాజం నేత సంఘానికి సెక్రటరీ. మూతబడ్డ షెడ్డులో మిగిలిన ఆఖరి మగ్గానికి ఆ సాయంత్రమే వేలంపాట. ఎట్ల పాడించాలో ముందు ఇంట్లో పరీక్షించుకుంటున్నాడు.

"రోలొకలకు, పొత్రమొకలకు పోతే పచ్చడి ఎవలు నూరాలె?" అంది లక్ష్మీనర్సమ్మ. "ఆ మగ్గం మీద నేసిన సమ్మమ్మకు చట్రం, పేక నడిపే నాడె, పోగులు సర్దే పన్నె మూడూ కావాలె. ఒక్కటి తక్కువైనా ఆమె మళ్లా బీడీలే చుట్టాలె."

"అయితే విడివిడిగ పాడొచ్చు, గంపగుత్తగ పాడొచ్చు. ఏది ఎక్కువైతే అదే ఖాయం," అన్నాడు వెంకట్రాజం.

"అన్నా, నా పాట వాపస్!" అరిచింది అరుణ. ఒక్క పొత్రాన్నే పాడుకుని గడపదాకా తెచ్చేసరికి అది దూడంత బరువైంది. కలిసి పనిచేసిన వస్తువులను విడదీస్తే బరువెక్కుతాయని ఆ వాడలో తెలియనిదెవరికి? వెంకట్రాజం ఇంకో షరతు రాసుకున్నాడు: పొద్దుగూకేలోపు ఎత్తుకపోకుంటే పాట రద్దు, సరుకు తర్వాతి పాటకే.

సాయంత్రం కట్టెల వ్యాపారి రాంచందర్ చట్రానికి తొంభై పాడాడు. నేతగాడు కట్టయ్య నాడెకూ పన్నెకూ కలిపి నలభై. సమ్మమ్మ మూడింటికీ గంపగుత్తగా నూట ఇరవై ఐదు పాడి ఆగిపోయింది. ఆమె కొంగున ఇంకేమీ లేదు. విడి పాటలు కలిపితే నూట ముప్ఫై కావడంతో, వెంకట్రాజం నీళ్లు నములుతూనే ఆ ఇద్దరి పేర "మూడోసారి" అన్నాడు. లక్ష్మీనర్సమ్మ కళ్లు మూసుకుని నరసింహస్వామికి చెప్పుకుంది.

రాంచందర్ తెచ్చిన హమాలీలు చట్రాన్ని జానెడు కూడా లేపలేకపోయారు.

"సేటూ, ఇంకా నలుగురిని పిలువు. మా కూలి నీ కట్టెల ధర దాటుతాంది," అన్నాడొకడు.

కట్టయ్య నాడెను గుంజీ గుంజీ చతికిలబడ్డాడు. "నవ్వుడు కాదు, మీరు రాండ్రి సూద్దాం!"

ఎవరూ రాలేదు. పొద్దుగూకింది. రాంచందర్ చేతులు దులుపుకున్నాడు. "నాకొద్దు తీయ్. సమ్మమ్మా, నువ్వే ఎత్తుకపో."

సమ్మమ్మ నాడెనూ పన్నెనూ చట్రంలో పెట్టింది. మొత్తాన్నీ గడ్డిమోపులా నెత్తికెత్తుకుని, "జర జరుగుండ్రి," అంటూ నడిచిపోయింది.

మర్నాడు పొద్దున లక్ష్మీనర్సమ్మ ఇంట్లో పొయ్యి అంటించలేదు. ముగ్గురూ సమ్మమ్మ గల్లీకి పోయి, కొత్త పడుగు దారాలు సాగదీయడానికి తలా ఒక కొస పట్టుకున్నారు.

"సెక్రటరీ సారూ, అట్ల గుంజకుండ్రి, తెగుతది!" అని సమ్మమ్మ కసురుతుంటే, వెంకట్రాజం బడిపిల్లాడిలా తలూపుతూ ఎండ ముదిరేదాకా కదలకుండా నిలబడ్డాడు.