మూడోసారి నిలబడిన లైను

సువర్ణను చంపింది నరసింహారావు. ఏసుపాదానికి ఇందులో అనుమానం లేదు. పోలీసులు ప్రమాదం అన్నారు. పాస్టరు గారు దేవుని చిత్తం అన్నారు. పై ఆఫీసరు గాలి అన్నాడు. ఎవరి మాట వాళ్ళది. సువర్ణ మొగుడి మాట ఇది.

కరకట్ట కింద, చేల మధ్య స్తంభం మీద నిలబడి ఏసుపాదం కాకిగూడు పీకుతున్నాడు. ఈ కాలపు కాకులు పుల్లలతో కట్టవు. ఇనప తీగ ముక్కలు ఏరుకొచ్చి కడతాయి. ఒక్కో ముక్కా లాగి కింద పడేశాడు. యాభై దాటిన ఒళ్ళు. అరికాళ్ళు కాయలు కాసి గట్టిపడ్డాయి, ఎడమ బొటనవేలికి గోరు లేదు. నడుముకు చుట్టిన తోలు బెల్టు చెమటకు నల్లబడి అతని ఒంటి రంగులో కలిసిపోయింది. ఎక్కేముందు తీగల మీదికి భూమికి కట్టిన గొలుసు విసిరాడు. లైను ఆపామని సబ్‌స్టేషన్ వాళ్ళు చెప్పినా సరే, గొలుసు వేయకుండా ఎక్కడు. గొలుసు అబద్ధం చెప్పదు.

పని అయ్యాక దిగి, గొలుసు లాగి, సెల్‌ఫోన్ తీసి నొక్కాడు.

"దిగావా?" అన్నాడు అవతల ఆపరేటరు నరసింహారావు.

"ఆఁ."

"నేల మీదే ఉన్నావా?"

"ఆఁ."

అప్పుడు లైను వేశాడు. ఈ రెండో ప్రశ్న మొదట్లో లేదు. సువర్ణ చనిపోయిన ఏటి ఎండాకాలం నుంచి మొదలుపెట్టాడు. ఇప్పుడడిగి ఏం లాభం అనుకుంటాడు ఏసుపాదం, అడిగిన ప్రతిసారీ.

సువర్ణ చనిపోయిన రోజు సాయంత్రం ఈదురుగాలి లేచింది. పొలాల మీద తీగలు ఊగి ఒకదానికొకటి కొట్టుకుని లైను ట్రిప్పయి కరెంటు పోయింది. నరసింహారావు వేశాడు. ట్రిప్పయింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ ట్రిప్పయింది. మూడోసారి వేశాడు. నిలబడింది. ఊళ్ళో ఫ్యాన్లు తిరిగాయి. అప్పటికే తీగ ఒకటి తెగి ఏసుపాదం ఇంటి వెనక గడ్డివామి మీద వాలి ఉంది. గేదెకు గడ్డి దూయడానికి సువర్ణ వెళ్ళింది. ఏసుపాదం ఆ పూట నాగాయలంక వైపు ఇంకో స్తంభం మీద ఉన్నాడు.

నువ్వే చంపావన్న మాట నరసింహారావు మొహం మీద అనకుండా ఇన్నేళ్ళూ ఊరుకోవడానికి కారణం ఉంది. స్తంభం ఎక్కేవాడి ప్రాణం స్విచ్చు దగ్గర నిలబడ్డవాడి చేతిలో ఉంటుంది. ఆ చేతితో తగువు పెట్టుకోకూడదు. అందుకని పిలుపు ఒక్కటే మార్చాడు. అంతకుముందు "బావా" అనేవాడు. తరవాత "ఆపరేటరు గారు".

ఇవాళ్టితో ఆ చేయి పోతుంది. నరసింహారావు రిటైరవుతున్నాడు. అతని స్థానంలో ఇంకొకరు రారు. సబ్‌స్టేషన్ యార్డులో బూడిదరంగు పెట్టె ఒకటి బిగించారు. రేపటి నుంచి లైను దానంతట అదే చూసుకుంటుంది, బందరులో కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళు దాన్ని చూసుకుంటారు. సాయంత్రం నరసింహారావు మెడలో దండ పడ్డాక, అందరి ముందూ, ఏసుపాదం ఆ మాట అనేస్తాడు. ఆ మాటతోనే అతను బంటుమిల్లిలో కూతురింటికి వెళ్ళాలి.

సైకిలు తొక్కుకుంటూ సబ్‌స్టేషన్‌కి చేరేసరికి యార్డులో జనం ఉన్నారు. గుడివాడ నుంచి వచ్చిన ఇంజనీరు సుచిత్ర పెట్టె తలుపు తెరిచి వైర్లు తగిలిస్తోంది. నరసింహారావు వరండాలో నిలబడి చూస్తున్నాడు. పొడుగు మనిషి, ఇప్పుడు వంగిపోయాడు. చెవుల మీద తెల్ల వెంట్రుకలు.

"పెట్టెకి టీ అలవాటు లేదంట బావా, అదొక్కటే లోటు," అన్నాడు ఇంకో లైన్‌మన్ బంగార్రాజు. "మధ్యాన్నం కునుకూ లేదు. నీకంటే నయం."

నరసింహారావు నవ్వాడు. ఏసుపాదం నవ్వలేదు. పెట్టె చుట్టూ తిరిగాడు. అరచేయి ఆనించాడు. లోపల ఏదో సన్నగా గుయ్యిమంటోంది. ఇంత చిన్నది. దీనికి తీగ సంగతి ఎలా తెలుస్తుంది? ఆ ప్రశ్న పొద్దుటి నుంచీ అతన్ని తొలుస్తూనే ఉంది. నచ్చినా నచ్చకపోయినా, తెలుసుకోవాలి.

"కొంచెం వెనక్కి రండి ఏసుపాదం గారూ," అంది సుచిత్ర. "లైను మీద ఏదో తగిలినట్టు దీన్ని నమ్మిస్తాను. ఏం చేస్తుందో చూద్దురుగాని."

మీట నొక్కింది. పెట్టె ఠక్కుమంది. లైను తీసేసింది. కొన్ని క్షణాలాగి మళ్ళీ ఠక్కుమంది, వేసింది. తీసేసింది. వేసింది. మళ్ళీ తీసేసింది. ఈసారి ఎక్కువసేపు ఊరుకుంది. తరవాత మూడోసారి వేసింది. సుచిత్ర మీట వదిలేసింది. లైను నిలబడింది.

చప్పట్లు కొట్టారు. ఏసుపాదం సుచిత్ర దగ్గరికి వెళ్ళాడు.

"మూడోసారి ఎందుకేసిందండీ?"

"అలాగే తయారుచేశారండీ. చాలామట్టుకు గాలికి తీగలు తగలడం, కొమ్మ రాసుకోవడం, అంతే కదా. రెండు మూడుసార్లు వేసి చూస్తే సర్దుకుంటుంది. దానికోసం ఊళ్ళన్నీ చీకట్లో ఎందుకు? అన్ని దేశాల్లోనూ ఇదే పద్ధతి."

"తీగ తెగి ఎండుగడ్డి మీద పడిందనుకోండి."

సుచిత్ర ఆలోచించింది. ఆమెకు సంగతి తెలియదు. "ఎండుగడ్డా? కరెంటు భూమిలోకి పోదు. అంతా బాగున్నట్టే ఉంటుంది దీనికి. లైను నిలబడిందనుకుంటుంది."

"మరెవరికి తెలుస్తుందండీ?"

"చూసినవాళ్ళకేనండీ. చూసి ఎవరైనా ఫోన్ చేస్తే."

బంగార్రాజు నేల చూశాడు. వరండాలో నరసింహారావు లేడు. లోపలికి వెళ్ళిపోయాడు.

ఏసుపాదం చాలాసేపు పెట్టె దగ్గరే నిలబడ్డాడు. ఎక్కడో ఎవరో పెద్ద చదువులు చదివినవాళ్ళు కూర్చుని, బాగా ఆలోచించి, మూడుసార్లు అని రాసిపెట్టారు. నరసింహారావు వాళ్ళను ఎరగడు. వాళ్ళూ అతన్ని ఎరగరు. పెట్టెను తిట్టాలంటే నోరు రాలేదు. మనిషి మీద ఉంచుకున్న మాట నోట్లోనే ఉంది, కానీ ఇన్నాళ్ళూ ఉన్న పదును దానికి లేదు. అందుకు అతనికి పెట్టె మీదే కోపం వచ్చింది.

సాయంత్రం కంట్రోల్ రూములో దండ వేశారు. లడ్డూ, మిక్చరు పొట్లాలు పంచారు. సుచిత్ర అందరి చేతా రెండేసి మాటలు చెప్పించింది.

"ఏసుపాదం గారూ, మీరు."

అతను లేచాడు. సువర్ణ సంగతి ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. నరసింహారావు మెడలో దండ సర్దుకున్నాడు. తల మాత్రం దించుకోలేదు. వినడానికే నిలబడ్డాడు.

"చెప్పడానికేం లేదండీ," అని ఏసుపాదం కూర్చున్నాడు.

జనం వెళ్ళాక గేటు దగ్గర ఆటో ఆగింది. నరసింహారావు క్యారేజీ సంచీ లోపల పెట్టి వెనక్కి వచ్చాడు.

"ఏసుపాదం. ఆ రోజు మూడోసారి వేసేటప్పుడు నేను..."

"ఆ మాటెత్తకండి ఆపరేటరు గారూ."

"ఒక్కసారి చెప్పుకోనీ."

"మీరు చెప్పద్దు, నేను వినను. ఇంకెప్పుడూ, ఎవరి దగ్గరా, ఆ మాట నేనూ ఎత్తను."

నరసింహారావు ఎక్కాడు. ఆటో కట్ట ఎక్కి బంటుమిల్లి రోడ్డు వైపు తిరిగి కనుమరుగైంది. ఏసుపాదం క్షమించలేదు. బావా అనీ అనలేదు.

బెల్టు మరిచిపోయానని లోపలికి వెళ్ళాడు. రేపు స్తంభం దిగి ఫోన్ చేస్తే బందరులో ఎవరో ఎత్తుతారు. దిగావా అని అడుగుతారు. రెండోది అడగరు.

గదిలో ఎవరూ లేరు. లైను వేసే పాత ప్యానెలు ముందు నల్ల రబ్బరు చాప అలాగే పరిచి ఉంది, దాని మీద రెండు పెద్ద పాదాలు నిలబడి నిలబడి అరిగించిన రెండు గుంటలు.