పదేసి చొప్పున కట్టిన జాకెట్లు

లైఫ్ జాకెట్లు ఉతికే పని నాదే. పెళ్లై ఇండోనేషియాలోని ఈ కరిమున్ ద్వీపానికి వచ్చిన మర్నాడే మా అత్త వాటిని నా ముందు కుప్ప పోసింది. జనాన్ని దీవులు దాటించే మామగారి స్పీడ్ బోటులో పెద్దవాళ్లు వాటిని తలకింద పెట్టుకుంటారు, పిల్లలు వాటి మీద వాంతి చేసుకుంటారు. పన్నెండేళ్లుగా శుక్రవారం శుక్రవారం నూటపది జాకెట్లు. వేళ్ల సందులు ఒరుసుకుపోయి మండేవి. దాన్ని ఈ ఇంట్లో ఎవరూ పని అనలేదు. ఎవరైనా అడిగితే, "మా కోడలు ఇంటిపట్టునే ఉంటుంది" అనేది అత్త.

ఉతికాక పదేసి చొప్పున నైలాను తాడుతో కట్టమన్నదీ ఆవిడే. "విడిగా ఉంటే జనం పాడు చేస్తారే. తనిఖీవాళ్లకి లెక్క కనపడితే చాలు." ఒకసారి మాత్రం, "అవసరమొస్తే విప్పడం కష్టం కదా అత్తయ్యా" అన్నాను. మామగారు తల కూడా ఎత్తలేదు. నా భర్త జుఫ్రీ అన్నం తింటూ నవ్వాడు. "బోటు నడిపేది మేమా, నువ్వా?" నోరు మూసుకున్నాను. ఆ మూసుకున్న నోరంటే ఇప్పుడు నాకే అసహ్యం.

పోయిన మంగళవారం ఉత్తరపు గాలికి లేచిన అలల్లో, వేగం తగ్గించకుండా పోతున్న బోటు ముక్కు పగిలింది. ఏడు నిమిషాల్లో మునిగిపోయిందట. డెబ్బై ఆరుగురిలో బతికింది పంతొమ్మిది మంది. జాకెట్ల మూటలు మాత్రం ముడి విడకుండా తర్వాత తేలాయి. జాలర్లు తెచ్చి రేవులో పడేశారు. ఒక తాడు మీద ఎవరివో పంటిగాట్లున్నాయి. ఆ గాట్లు వేలితో తడిమి చూశాను.

ఈరోజు విచారణ. పొద్దున నా తలగుడ్డకి తనే పిన్ను పెడుతూ అత్త మెల్లగా అంది: "నీ అంతట నువ్వే కట్టావని చెప్పు నిదా. ఆడదానివి, లోకం తెలియనిదానివని నాలుగు తిట్టి వదిలేస్తారు. మీ మామగారైతే జైలుకి పోతారు." జుఫ్రీ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఈ ఇల్లు నిలబడేది నీ వల్లే." నా ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లూ పని కానిది, నేరం కాగానే నాదైపోయింది.

రేవు ఆఫీసులో గుమాస్తా నా పేరు రాసి, అడగకుండానే పక్కన గృహిణి అని రాశాడు.

"అది కొట్టెయ్యండి" అన్నాను. "పన్నెండేళ్లుగా ఆ బోటుకి పనిచేసిన కార్మికురాలినని రాయండి. ముడులు నేనే వేశాను, దాచను. నాతో ఆ పని చేయించిన యజమానులు ముగ్గురు. పేర్లు చెబుతాను, రాసుకోండి."