అక్వేరియం అడుగుమట్టి

‘నోట్లెకు వచ్చిందా? ఉమ్మేయ్, ఏం గాదు.’

సోఫాలో కూర్చుని, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే అన్నాడు నా భర్త మల్లేశ్వర్. అక్వేరియంలోంచి నీళ్లు తీయాలంటే పైపు ఒక కొసను నీళ్లలో ముంచి, రెండో కొసను నోటితో పీల్చాలి. నీళ్లు పెదాల దాకా రాకముందే పైపును బకెట్‌లోకి దించాలి. ఈసారి నేను కాస్త ఆలస్యం చేశాను. చేపల పెంట, కుళ్లిన ఆకుల రసం, మెత్తటి నల్లటి మడ్డి అన్నీ కలిసి నాలుక మీదికి వచ్చాయి. బాత్రూంలోకి పరుగెత్తి కక్కాను. ఉప్పునీళ్లతో పుక్కిలించినా ఆ రుచి పోలేదు. తిరిగి వచ్చేసరికి పైపు జారి హాలంతా నీళ్లయ్యాయి. ఆయన కాళ్లు తడవకుండా సోఫా మీదికి పెట్టుకున్నాడు.

ఈ అక్వేరియం ఆయన ముచ్చట. తాండూరులో ఆయనకు బండల పాలిషింగ్ యూనిట్ ఉంది. ఎవరో వ్యాపారి ఇంట్లో చూసి మనసుపడి, నీటిమొక్కలు పెంచే పెద్ద గాజుతొట్టి తెచ్చి హాల్లో పెట్టాడు. ఆ రోజే వీడియో తీసి తెలిసినవాళ్లందరికీ పంపాడు. తర్వాత దానికి ఆయన చేసిన సేవల్లా పొద్దున్నే చిటికెడు మేత చల్లడం. అద్దానికి పట్టిన పాచి గీకడం, నీళ్లు మార్చడం, చచ్చిన చేపను తీసి పారేయడం నావయ్యాయి. చెయ్యమని ఎవరూ అనలేదు. ఈ ఇంట్లో పనులన్నీ అలాగే నావవుతాయి. సోకు ఒకరిది, పాచి ఇంకొకరిది.

నేను వికారాబాద్‌లో సైన్స్ టీచర్ని. వారమంతా రైల్లో పోయి వస్తాను. ఈమధ్యే బంట్వారం వైపు ఒక హైస్కూలుకు హెడ్మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చింది. రేపు సోమవారం వెళ్లి చేరాలి, లేదా వద్దని చెప్పాలి. చేరితే అక్కడే గది తీసుకుని ఉండాలి, సెలవులకే ఇంటికి రావాలి. అప్పట్నుంచి ఇంట్లో ఒకటే గొణుగుడు. నేను జొన్నరొట్టెలు కొడుతుంటే మా అత్తమ్మ హన్మమ్మ పక్కనే నిలబడి, ‘నువ్వు పెద్ద పంతులమ్మవైతే మాకేమొస్తది పిల్లా? నా కొడుక్కు ఉడుకుడుకు రొట్టె ఎవలు జేసిపెడ్తరు?’ అంది. మల్లేశ్వర్ గొంతు పెంచలేదు. తనేం తక్కువ చేశాడని అడిగాడు, వద్దని ఒక్క మాట చెబితే అయిపోతుందన్నాడు. వాదించి వాదించి విసిగిపోయాను. నిజం చెప్పాలంటే, వద్దనే చెప్పేద్దామని నిన్ననే అనుకున్నాను.

చేపలను పాతనీళ్ల బకెట్‌లోకి మార్చాను. మొక్కలను తడిగుడ్డలో చుట్టి పెట్టి, తొట్టి అడుగు తవ్వాను. పైన రాళ్లు, వాటి కింద మొక్కల కోసం పోసిన మట్టి. గాలి ఆడక ఆ మట్టి నల్లగా గడ్డకట్టింది. కదపగానే బుడగలు లేచి, మురిగిపోయిన కోడిగుడ్డు కంపు కొట్టింది. అత్తమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. మల్లేశ్వర్ లేచి ఫ్యాను తన వైపు తిప్పుకుని, భోజనానికి పిలిచిన దేవప్ప వాళ్లు వచ్చే వేళయిందని, జర జల్ది కానివ్వమని అన్నాడు. నేను మోచేతుల దాకా ఆ మడ్డిలో చేతులు పెట్టి తోడుతూనే ఉన్నాను. మట్టిని చూసి నాకు అంత అసహ్యం వేయలేదు, ఆ ఫ్యాను తిరిగిన తీరు చూస్తే వేసింది.

అసలు మొక్కల ఆకులు పసుపు పచ్చబడింది ఆయన రాళ్ల వల్లే. బజారులో కొన్న గులకరాళ్లు తీసేయించి, యూనిట్ నుంచి బండముక్కల సంచి తెచ్చి పోయించాడు. తాండూరు బండంటే సున్నపురాయి. అది నీళ్లలో కొంచెం కొంచెంగా కరుగుతుంది, ఆ నీళ్లు ఈ మొక్కలకు పడవు. నిమ్మకాయ పిండి, రాయి మీద నురగ వస్తుంటే చూపించాను కూడా. ‘మన బండ ఢిల్లీ దాక పోతది. నీ గడ్డిపోచలకు పడదా?’ అని నవ్వాడు. ఈరోజూ కొత్త సంచి తెచ్చి తొట్టి పక్కన పెట్టాడు. దేవప్పది గుల్బర్గా, బండలు కొనే ఆసామి. ఆయన కంటికి ఆ రాళ్లు కనబడాలట.

కొత్త మట్టి పరిచి, పైన ఆయన తెచ్చిన రాళ్లే సర్దాను. మట్టి లేవకుండా ఒక పళ్లెం బోర్లించి దాని మీద మెల్లగా నీళ్లు పోశాను. ఒక్కొక్క మొక్కనూ వంగి నాటేసరికి నడుము పట్టేసింది. కొత్త మట్టి కుదురుకునేదాకా చేపలను బయటే ఉంచాలన్నాను. వాళ్లు వచ్చేసరికి ఉత్త తొట్టి ఏం బాగుంటుందన్నాడు. వాటినీ వేసి, నేల తుడిచి, మటన్ వండాను.

దేవప్ప, ఆయన భార్య కాశమ్మ వచ్చారు. కన్నడం కలిసిన తెలుగులో దేవప్ప అక్వేరియాన్ని తెగ మెచ్చుకున్నాడు. ఇంత శుభ్రంగా ఎలా ఉంచుతారని అడిగాడు.

‘అంత నేనే చేస్త. మట్టి మార్చుడు గిట్ల వేరేటోళ్ల చెయ్యి వడనియ్య. ఆడోళ్లకు గంత ఓపిక ఉండది’ అన్నాడు మల్లేశ్వర్.

కూరగిన్నె పట్టుకుని నేను పక్కనే ఉన్నాను. ఆయన గొంతు తడబడలేదు, నా వైపు చూడకుండా తప్పించుకోనూ లేదు. అబద్ధం చెబుతున్నానన్న సంగతే ఆయనకు తెలిసినట్టు లేదు. సబ్బు పెట్టి ఎంత తోమినా నా గోళ్ల సందుల్లో కంపు అలాగే ఉంది. వడ్డిస్తుంటే అది ముక్కుకు తగిలింది. ఈ మనిషి కోసమా రేపు వద్దని చెప్పబోయాను అనుకున్నాను. నా మీద నాకే రోత పుట్టింది.

బడి ఎలా ఉందని కాశమ్మ నన్ను అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు. ‘పెద్ద టీచరుగ ప్రమోషన్ ఇచ్చిన్రు గని, వద్దనుకున్నది. ఇల్లే ముఖ్యమన్నది.’

నేను గిన్నె కింద పెట్టాను.

‘నేను గట్ల అనలే. రేపు పోయి చేరుతున్న.’

మల్లేశ్వర్ చేతిలో ముద్ద ఆగిపోయింది. నేను ఎక్కడ ఉంటానని అడగలేదు. వాళ్లమ్మ సంగతేమిటని అడగలేదు. ఎదురుగా దేవప్ప ఉన్నాడన్నది కూడా మరిచిపోయాడు.

‘మరి గీ అక్వేరియం మట్టి ఎవరు మారుస్తరు?’ అన్నాడు.

దేవప్ప నమలడం ఆపి ఆయన ముఖంలోకి చూశాడు.

‘ఇప్పటిదాక ఎవరు మారుస్తున్నరని చెప్పిన్రో, వాళ్లే’ అన్నాను.